మీకు నచ్చని పాట వచ్చినప్పుడు

(ఇంటర్నెట్ రేడియోలో ప్రసారమైన వాక్య సందేశము)

వాక్యభాగములు: 1 కొరింథీ 14:26, రోమా 15:1-7

 

ఈ రోజు నేను సందేశాల గురించి మాట్లాడబోవడం లేదు, సందేశాల మధ్య వచ్చే పాటల గురించి మాట్లాడబోతున్నాను. ఇది చిన్న విషయం కదా, దీనికి ఒక ప్రసంగం కావాలా అని మీరు అనవచ్చు. మా రేడియోకు వచ్చే ఉత్తరాలు, ఫోన్లు, వాట్సాప్ సందేశాలు చూస్తే ఇది చిన్న విషయం కాదని మీకే తెలుస్తుంది. ప్రసంగం నచ్చలేదని వ్రాసేవారు తక్కువ. పాట నచ్చలేదని వ్రాసేవారు చాలామంది.

ఒకే రోజున, ఒకే గంటలో వేసిన పాటల గురించి వచ్చిన నాలుగు సందేశాలు చెబుతాను. ఒక పెద్దాయన ఇలా వ్రాశారు: "అయ్యా, ఆంధ్ర క్రైస్తవ కీర్తనలు వేయండి. ఈ మధ్య వస్తున్నవి పాటలా, పెళ్ళి ఊరేగింపులా?" డిగ్రీ చదువుతున్న ఒక తమ్ముడు ఇలా వ్రాశాడు: "అన్నా, ప్రైజ్ ద లార్డ్. పాత కీర్తనలు వస్తుంటే నిద్ర వస్తోంది. మా ఫ్రెండ్స్‌కు మన రేడియో వినమని చెప్పాలంటే మొహమాటంగా ఉంది." ఒక సహోదరి వ్రాసిన మాట ఇది: "ఆ రెండో పాట ట్యూను అచ్చం సినిమా పాటలా ఉంది, నేను వెంటనే ఆపేశాను." ఇక నాలుగవది ఒక పల్లె సంఘం నుండి వచ్చింది: "మీ రేడియోలో పట్నం పాటలే గాని మా డప్పు పాటలు ఎందుకు రావు? మేము క్రైస్తవులం కాదా?"

నలుగురూ ప్రభువును ప్రేమించేవారే. నలుగురూ మన రేడియో కొరకు ప్రార్థన చేసేవారే. నాలుగు కోరికలూ ఒకేసారి తీర్చడం ఏ మనిషికీ సాధ్యం కాదు. మరి ఏం చేయాలి? ఎవరిని సంతోషపెట్టాలి? ఎవరిని బాధపెట్టాలి? ఈ ప్రశ్న రేడియో నడిపేవారిది మాత్రమే కాదు. ప్రతి ఆదివారం ప్రతి సంఘంలో పాటలు ఎంచేవారి ప్రశ్న. మీ ఇంటిలో కుటుంబ ప్రార్థనకు కూర్చున్నప్పుడు తాతగారికీ మనవడికీ మధ్య వచ్చే ప్రశ్న. పాటల విషయంలో మాట పెరిగి, డ్రమ్స్ పెట్టాలా వద్దా అన్న చోట సంఘమే రెండైన సంగతులు మనకు తెలియనివి కావు. అలా విడిపోయిన చోట అన్నదమ్ములు పండుగకు కూడా ఒకరి గడప ఒకరు తొక్కరు. అందుకే ఇది చిన్న విషయం కాదు అంటున్నాను.

ముందు రేడియో ఎలా నడుస్తుందో ఒక మాట చెబుతాను. రోజుకు 24 గంటలు. ఒక్కొక్క పాట సుమారు 5 నిమిషాలు అనుకోండి. గంటకు 12 పాటలు. రోజంతా ప్రసంగం లేకుండా పాటలే వేసినా 288 పాటలకు మించి చోటు లేదు. మన తెలుగు క్రైస్తవ గీతాలు వేలకొలది ఉన్నాయి. అంటే ఒక పాట వేశామంటే, ఆ 5 నిమిషాలు వేరే వేల పాటలను ప్రక్కన పెట్టినట్టే. పైగా వినేవారు ఒక చోట లేరు. హైదరాబాదులో రాత్రి 10 గంటలైతే కువైట్‌లో సాయంత్రం 7:30. అమెరికాలోని డల్లాస్‌లో అప్పుడు పొద్దున్నే. కాలాన్ని బట్టి 10:30 గాని 11:30 గాని. ఇక్కడ పడుకునే వేళకు తగిన నెమ్మదైన పాట వేస్తే, అక్కడ ఒకరు పనిలోకి పరుగెత్తుతూ ఉంటారు.

ఈ 288 అనే సంఖ్య మీకు ఎక్కడైనా తగిలిందా? మొదటి దినవృత్తాంతములు 25వ అధ్యాయము తీసి చూడండి. దావీదు రాజు దేవుని మందిరంలో పాటలు పాడుటకు ఆసాపు, హేమాను, యెదూతూను అనువారి కుమారులను ఏర్పాటు చేశాడు. గానములో ప్రవీణులైన వారందరి లెక్క ఎంతో తెలుసా? 7వ వచనం చూడండి: 288 మంది. వారిని 24 వరుసలుగా విభజించారు, వరుసకు 12 మంది. మనకు 24 గంటలు, గంటకు 12 పాటలు, మొత్తం 288. ఇందులో ఏదో మర్మం ఉందని నేను చెప్పడం లేదు. లెక్క కలిసింది కాబట్టి మీకు గుర్తుండిపోతుంది, అంతే. అయితే ఆ తరువాతి వచనం గమనించండి. అక్కడ మన కొరకు నిజమైన పాఠం ఉంది. ఎవరి వంతు ఎప్పుడు అనేదానికి వారు చీట్లు వేశారు. పెద్దవాడు, చిన్నవాడు అని చూడలేదు. నేర్పే గురువు, నేర్చుకునే శిష్యుడు అని తేడా పెట్టలేదు. పెద్దవారికి ముందు వంతు, పిల్లలకు మిగిలిన వంతు అని దావీదు అనలేదు. పిల్లల పాటే ముందు, పెద్దలు ఇంటికి వెళ్ళండి అని కూడా అనలేదు. అందరికీ వంతు ఉంది. ఎవరి వంతు వచ్చినప్పుడు వారు పాడాలి. మిగిలినవారు ఏం చేయాలి? వినాలి!

ప్రియులారా, ఇష్టాల తగాదా మన క్రైస్తవులకు మాత్రమే వచ్చినది కాదు. మన దేశపు రేడియో చరిత్రలోనే ఒక సంగతి ఉంది. 1952లో కేంద్ర సమాచార ప్రసార శాఖకు బి.వి. కేస్కర్ గారు మంత్రి అయ్యారు. ఆయన శాస్త్రీయ సంగీతాన్ని ఎంతో ప్రేమించిన వ్యక్తి. ప్రజలకు మంచి సంగీతం నేర్పాలని ఆయన ఆశ. అందుకని ఆకాశవాణిలో సినిమా పాటలను బాగా కుదించారు. నిర్మాతలతో వివాదం కూడా వచ్చి, కొన్నేళ్ళు ఆకాశవాణిలో సినిమా పాటలు దాదాపు వినబడకుండా పోయాయి. జనం ఏం చేశారు? కూర్చుని శాస్త్రీయ సంగీతం నేర్చుకున్నారా? లేదు. రేడియో ముల్లు త్రిప్పి సిలోన్ పెట్టుకున్నారు! రేడియో సిలోన్‌లో అదే 1952లో మొదలైన బినాకా గీత్‌మాలా కోసం దేశమంతా చెవులు రిక్కించింది. చివరికి 1957 అక్టోబరు 3న ఆకాశవాణివారే వివిధ భారతి ప్రారంభించవలసి వచ్చింది.

ఇందులో రెండు ప్రక్కల పాఠం ఉంది. నా ఇష్టాన్ని నీ మీద రుద్దితే నీవు ముల్లు త్రిప్పుతావు. ఇది పెద్దలు గమనించాలి. అయితే జనం ఏది కోరితే అది వేస్తూ పోతే చాలా? వినోదం కొరకైన రేడియోకు అది చాలు. దేవుని మహిమ కొరకైన రేడియోకు అది చాలదు. ఇది యౌవనస్థులు గమనించాలి. మరి మనకు కొలబద్ద ఏది? వాక్యమే. ఈ రోజు మూడు సంగతులు వాక్యంలో నుండి చూద్దాం.

మొదటిది: దేవుడు ఒక్క రకం పాటనే కోరలేదు.

కొలొస్సయులకు వ్రాసిన పత్రిక 3వ అధ్యాయం 16వ వచనంలో పౌలు మూడు పేర్లు చెప్పాడు. కీర్తనలు, స్తోత్రగీతాలు, ఆత్మసంబంధమైన పద్యాలు. ఎఫెసీ పత్రిక 5:19లోనూ అవే మూడు. అందులో ఒకటి ఎంచుకొని మిగిలిన రెండూ విడిచిపెట్టమని ఆయన చెప్పలేదు. 150వ కీర్తన చదవండి. ఊదే వాద్యాలు ఉన్నాయి, తంతి వాద్యాలు ఉన్నాయి, తోలు వాద్యం ఉంది, తాళాలు ఉన్నాయి. అక్కడ మెల్లనిదీ ఉంది, పెద్ద శబ్దం చేసేదీ ఉంది.

ఇక్కడ ఒక్క క్షణం ఆగుదాం. మన తెలుగు బైబిలులో "తంబుర" అని ఉన్న చోట హెబ్రీ భాషలో ఉన్న మాట "తోఫ్". మనం తంబుర అనగానే కచేరీలో గాయకుని వెనుక శ్రుతి కొరకు మీటే తంతి వాద్యం అనుకుంటాము. తోఫ్ అది కాదు. గుండ్రని చట్రానికి తోలు బిగించి చేతితో వాయించేది తోఫ్. ఎఱ్ఱ సముద్రం దాటిన తరువాత మిర్యాము చేత పట్టుకొన్నది అదే (నిర్గమ 15:20). ఇప్పుడు చెప్పండి, గుండ్రని చట్రానికి తోలు బిగించిన వాద్యం మన ఊళ్ళలో ఏది? డప్పు! మన డప్పును పుల్లలతో కొడతారు, దానిని చేతితో వాయించేవారు, తేడా అంతే. మిర్యాము చేతిలోని వాద్యానికి మన డప్పు దగ్గరి చుట్టం. అటువంటప్పుడు డప్పు వినబడగానే కొందరు ముఖం ఎందుకు చిట్లిస్తారు? శబ్దం నచ్చకనా, లేక ఆ డప్పు పట్టిన చేతులు ఏ వాడవో తెలిసినందుకా? ఈ ప్రశ్న నేను మెత్తగా అడగలేను. ఊరిలో ఎవరిని దూరం పెట్టారో వారినే ప్రభువు దగ్గరకు తీశాడు. ఆయన దగ్గరకు తీసినవారి వాద్యాన్ని మనం గుమ్మం బయట పెడితే, దానిని సంగీత రుచి అనకూడదు. దానికి వేరే పేరు ఉంది, ఆ పేరు మీకు తెలుసు.

పెద్దలారా, మీతో కూడా ఒక మాట. మనం పాత కీర్తనలు అని ప్రేమించేవి ఒకనాడు కొత్తవే. పురుషోత్తమ చౌదరిగారు 1803 నుండి 1890 వరకు జీవించారు. ఆయన వంగదేశపు కుటుంబంలో పుట్టి, తెలుగులో క్రీస్తును పాడిన భక్తుడు. కర్ణాటక సంగీత రాగాలలో, తాళాలలో నూటికి పైగా కీర్తనలు వ్రాశారు. ఈ రోజుకూ ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకం తెరిస్తే చాలా కీర్తనల పైన రాగం పేరు, తాళం పేరు కనిపిస్తాయి. ఆ రాగాలు మందిరంలో పుట్టినవా? ఈ దేశంలో అందరూ పాడుకొనే రాగాలనే ఆయన ప్రభువు పాదాల దగ్గర పెట్టారు. ఇక మనకెంతో ఇష్టమైన హార్మోనియం సంగతి చూడండి. 1842లో ఫ్రాన్సు దేశంలో పేటెంటు పొందిన వాద్యమది. అది పరాయి వాద్యమని, మన గమకాలు పలకదని, 1940లో ఆకాశవాణి దానిని నిషేధించింది. 1971 వరకు ఆ నిషేధం సడలలేదు. ఈ రోజు మాత్రం హార్మోనియం అంటే మన సంప్రదాయం, కీబోర్డు అంటే లోకం! కాలం గడిస్తే పరాయిది సొంతమవుతుంది. ఇది గుర్తుంచుకొని కొంచెం నిదానించండి.

యౌవనస్థులారా, మీతోనూ ఒక మాట. ఎజ్రా గ్రంథం 3వ అధ్యాయం చివర చదవండి. చెర నుండి తిరిగి వచ్చిన ప్రజలు మందిరానికి కొత్త పునాది వేశారు. యౌవనులు సంతోషంతో కేకలు వేశారు. మొదటి మందిరాన్ని చూసిన ముసలివారు బిగ్గరగా ఏడ్చారు. ఏది సంతోష శబ్దమో, ఏది ఏడ్పు శబ్దమో జనులు తెలుసుకొనలేకపోయారట! ఆ ముసలివారు కొత్త పునాదికి శత్రువులు కారు. వారి ప్రాణం పాత మందిరంతో ముడిపడి ఉంది, అంతే. మీ నాన్నమ్మ పాత కీర్తన వేయమని అడుగుతోందంటే, మీ గిటారు మీద కోపంతో కాదు. ఆ కీర్తనతోనే ఆమె పెళ్ళి జరిగింది. ఆ కీర్తనతోనే మీ తాతగారిని సమాధి చేశారు. మీకు నిద్ర తెప్పించే పాటలో ఆమె జీవితం మొత్తం ఉంది.

రెండవది: నచ్చకపోవడం వేరు, తప్పు కావడం వేరు.

ఈ రెంటినీ మనం కలిపేస్తాము. నాకు నచ్చలేదు అంటే సరిపోదనిపించి, ఇది ఆత్మసంబంధమైనది కాదు అంటాము. అలా అంటే మన మాటకు బలం వస్తుంది. కాని నా చెవికి నచ్చనిది దేవునికి కూడా నచ్చదని చెప్పే అధికారం మనకు ఎవరిచ్చారు?

సంఘ చరిత్రలో దైవజనులే పాటల దగ్గర తేడాపడ్డారు. 1520ల కాలంలో జర్మనీలో మార్టిన్ లూథరు తానే పాటలు వ్రాసి ప్రజలచేత పాడించాడు. 1524లో ఎనిమిది పాటలతో ఒక చిన్న పుస్తకం అచ్చయింది. అదే కాలంలో స్విట్జర్లాండులోని జూరిక్ పట్టణంలో ఉల్‌రిచ్ జ్వింగ్లీ ఆరాధనలో సంగీతమే వద్దన్నాడు. మందిరాలలోని ఆర్గన్లను తీసివేశారు. జ్వింగ్లీకి సంగీతం రాక కాదు. ఆయన ఎన్నో వాద్యాలు వాయించగలవాడు! ఒకే కాలం, చేతిలో ఒకే బైబిలు, రెండు నిర్ణయాలు. తరువాత ఇంగ్లండులో బాప్టిస్టు కాపరి బెంజమిన్ కీచ్ తన సంఘంలో కొత్త గీతాలు పాడించినప్పుడు, అసలు సంఘమంతా కలిసి గీతాలు పాడవచ్చా అనే దాని మీదనే వాదం పుట్టి, 1691 ప్రాంతంలో కొందరు సభ్యులు విడిపోయారు. ఈ రోజు బాప్టిస్టు సంఘంలో పాట లేని ఆదివారం ఊహించగలమా? ఆ రోజు విడిపోయినవారు దేనికొరకు విడిపోయారో ఈ రోజు వారి సంఘాలవారికే గుర్తుండదు. విడిపోవడం మాత్రం నిజంగా జరిగింది. ఆ గాయాలు నిజమైనవి.

అయితే పాటలన్నీ మంచివేనా? ఏ పాటనైనా వేయవచ్చా? అలా నేను చెప్పను. పరీక్షించాలి. దేనితో? మూడు ప్రశ్నలు అడగండి. ఒకటి, ఈ పాటలోని మాట వాక్యానికి సరిపోతోందా? రాగం ఎంత మధురమైనా, దేవుని మాట ఇవ్వని వాగ్దానాన్ని పాట ఇస్తే అది వేయదగినది కాదు. రెండు, వినేవారికి మాట అర్థమవుతోందా? ఆత్మతో పాడాలి, మనస్సుతో కూడా పాడాలి అని పౌలు నేర్పాడు (1 కొరింథీ 14:15). వాద్యాల హోరులో మాట మునిగిపోతే ఆ పాటకు మంచి మార్కులు వేయలేము. రెండు వందల ఏళ్ళ నాటి గ్రాంథిక పదం ఎవరికీ తెలియక, తెలియకుండానే పాడుతూ పోయినా అంతే. మూడు, పాట అయిపోయిన తరువాత మనస్సులో ఎవరు మిగులుతున్నారు? క్రీస్తు మిగులుతున్నాడా, గాయకుడు మిగులుతున్నాడా? సినిమా పాటను తలపించే ట్యూను గురించి సహోదరి వ్రాసిన మాట ఈ మూడవ ప్రశ్న క్రిందికి వస్తుంది. పాట వింటుంటే మనస్సు ప్రభువు దగ్గరకు గాక తెర దగ్గరకు పోతే, ఆమె బాధ న్యాయమైనది. మేము దానిని తేలికగా తీసుకోము.

ఈ మూడు ప్రశ్నలకు నిలిచిన పాట మీకు నచ్చకపోతే ఏమిటి? అప్పుడు తప్పు పాటలో లేదు. అది మీ రుచి మాత్రమే. కాకరకాయ చేదు అనడం అబద్ధం కాదు. కాని వండిన తల్లిని నిందించడం న్యాయం కాదు.

మూడవది: ఆ పాట మీ కొరకు కాకపోవచ్చు.

ప్రియులారా, ఈ మాట నిదానంగా వినండి. మీకు నచ్చని ఆ 5 నిమిషాలు మరొకరి వంతు. అపొస్తలుల కార్యములు 16వ అధ్యాయం గుర్తు చేసుకోండి. ఫిలిప్పీ చెరసాలలో మధ్యరాత్రి. వీపుల మీద దెబ్బలు, కాళ్ళకు బొండ. పౌలు, సీల దేవునికి పాటలు పాడుతున్నారు. ఆ రాత్రి వినేవారు ఎవరు? ఖైదీలు. ఆ పాట వారు కోరుకొన్నది కాదు. వారికి తెలిసిన రాగం కూడా కాకపోవచ్చు. ఆపేయడానికి వారి చేతిలో మీట లేదు. అయినా వారు విన్నారని లూకా ప్రత్యేకంగా వ్రాశాడు. భూకంపం వచ్చి, తలుపులన్నీ తెరుచుకొని, బంధకాలు ఊడినప్పుడు ఖైదీలందరూ పారిపోక అక్కడే ఉన్నారు. తాము కోరని పాట వారి మీద ఏమి పని చేసిందో దేవునికి తెలుసు.

మాకు వచ్చిన రెండు ఉత్తరాల సంగతి చెబుతాను. ఒక తల్లి వ్రాశారు. ఆమె భర్తకు జ్ఞాపకశక్తి పోయింది. కన్నబిడ్డలను గుర్తుపట్టరు. అన్నం తిన్నారో లేదో తెలియదు. అయినా ఉదయం 5 గంటలకు పాత కీర్తన వస్తే ఆయన పెదవులు కదులుతాయట. పల్లవి పూర్తిగా పాడతారట. "ఆ 5 నిమిషాలు నా భర్త నాకు తిరిగి దొరుకుతున్నాడు" అని ఆమె వ్రాశారు. మతిమరుపు వ్యాధి ముదిరినవారిలో కూడా చిన్ననాటి పాటలు చాలాకాలం నిలుస్తాయని వైద్యులు కూడా చెబుతారు.

రెండవ ఉత్తరం గల్ఫ్‌లో పెద్ద ట్రైలరు నడిపే ఒక సహోదరునిది. రాత్రంతా ఎడారిలో తిన్నని రోడ్డు. "అయ్యగారూ, ఆ టైములో నెమ్మది పాటలు వేస్తే నాకు కళ్ళు మూతలు పడుతున్నాయి. డోలు, డప్పు, స్పీడు పాటలు వేయండి. ఆ పాట నా ప్రాణం కాపాడింది అని పెద్ద మాట అనను గాని, నిద్ర మాత్రం పోనివ్వలేదు" అని వ్రాశాడు.

ఇప్పుడు మీరే మా కుర్చీలో కూర్చోండి. ఆ తల్లికి ఏ పాట వేస్తారు? ఈ డ్రైవరుకు ఏ పాట వేస్తారు? ఆ పాత కీర్తన మీకు విసుగు పుట్టించిన ఉదయాన ఒక ఇంటిలో ఒక భార్య తన భర్త గొంతు వింటోంది. ఆ జోరు పాట మీకు తలనొప్పి తెచ్చిన రాత్రి ఒక తండ్రి స్టీరింగు మీద చేతులు బిగించి మెలకువగా ఉన్నాడు. ఇది తెలిసిన తరువాత ఆ పాట మీద కోపం వస్తుందా?

రోమా పత్రిక 15వ అధ్యాయంలో పౌలు చెప్పిన మాట ఇదే. బలముగలవారము అనుకొనేవారు తమ ఇష్టం నెరవేర్చుకోవడానికే చూడకూడదు, పొరుగువానికి మేలు కలిగేటట్లు, అతడు కట్టబడేటట్లు నడుచుకోవాలి. దానికి ఆయన చూపిన మాదిరి ఎవరు? క్రీస్తే. ప్రభువు తన ఇష్టం కొరకు ఈ లోకంలో బ్రతకలేదు. తన ఇష్టాన్ని గెత్సేమనే తోటలోనే తండ్రికి అప్పగించాడు. మనం సిలువను మోయమని పిలువబడినవారము. 5 నిమిషాల పాటను మోయలేమా?

ఈ కాలంలో దీనికి ఇంకొక అవసరం కూడా ఉంది. ఇప్పుడు ప్రతివారి చేతిలో ఫోను ఉంది. ఎవరికి నచ్చిన పాటలు వారు పేర్చుకోవచ్చు. మీరు ఒక పాట వింటే అటువంటివే మరో పది ఫోనే తెచ్చి ముందు పెడుతుంది. నచ్చకపోతే వ్రేలితో ప్రక్కకు నెట్టడమే. అందులో తప్పు లేదు, మంచి సౌకర్యం. కాని ఒక నష్టం ఉంది. ఒకే ఇంటిలో నలుగురు నాలుగు ఇయర్‌ఫోన్లు పెట్టుకొని నాలుగు పాటలు వింటే, ఆ ఇంటికి కలిసి పాడుకొనే పాట ఒక్కటీ మిగలదు. కష్టం వచ్చిన రోజున, శవం దగ్గర కూర్చున్న రాత్రి, అందరికీ వచ్చిన ఒక్క పాట కొరకు వెదుక్కుంటారు. రేడియోలో ఒకే ధార ఉంటుంది. అందరికీ అదే పాట, అదే నిమిషంలో. సంఘం కూడా అలాంటిదే. అక్కడ నాకు నచ్చిన పాటే కాదు, నా సహోదరుని పాట కూడా నా చెవిన పడుతుంది. అలా పడాలనే దేవుడు మనలను ఒక్కొక్కరిగా కాక సంఘంగా పిలిచాడు.

అందుకే ఈ వారం మీకు కొన్ని చిన్న పనులు చెబుతున్నాను. నచ్చని పాట వచ్చినప్పుడు వెంటనే ఆపకండి. ఒక్కసారి చివరి వరకు వినండి. మాటలు గమనించండి. ఈ పాట ఎవరికి ఆదరణ అవుతుంది అని ఆలోచించి, వారి కొరకు ఒక్క నిమిషం ప్రార్థన చేయండి. ఆ తరువాత కూడా మాకు వ్రాయాలనిపిస్తే తప్పక వ్రాయండి, చదువుతాము. కుటుంబ ప్రార్థనలో ఒక రోజు తాతగారు పాట ఎంచాలి, మరుసటి రోజు మనవడు ఎంచాలి. తాతగారు మనవడి పాటకు తాళం వేయాలి, మనవడు తాతగారి కీర్తనలో ఒక చరణం కంఠస్థం చేయాలి. సంఘ పెద్దలారా, పాటల విషయంలో కూర్చొని మాట్లాడండి. అయితే ఆ మాటకు ముందు 1 కొరింథీ 14:26 చదవండి. ఒకరికి కీర్తన ఉంటుంది, ఒకరికి బోధ ఉంటుంది, ఒకరికి మరొకటి ఉంటుంది. అన్నీ సంఘం కట్టబడుటకే జరగాలి. ఏ పాట గెలిచింది అని కాదు, ఎవరు కట్టబడ్డారు అని చూడండి.

ఇంకొక్క మాట. మనం పాటల గురించి ఎంత తగవులాడినా, దేవుడు చెవులు మూసుకొనే పాట ఒకటి ఉందని ఆమోసు ప్రవక్త 5వ అధ్యాయం 23, 24 వచనాలలో చెబుతున్నాడు. ఆ పాటలో రాగం తప్పలేదు, తాళం తప్పలేదు. పాడేవారి జీవితంలో న్యాయం లేదు. పనివానికి కూలి ఎగ్గొట్టి వచ్చి పాడిన పాత కీర్తనా, తల్లిదండ్రులను ఏడిపించి వచ్చి పాడిన కొత్త పాటా, దేవుని చెవికి రెండూ ఒక్కటే, రెండూ రొదే. నీళ్ళవలె న్యాయము పారితేనే మన పాటకు విలువ.

ప్రభువు కూడా పాడాడని మీకు తెలుసా? మత్తయి 26:30 చూడండి. చివరి రాత్రి భోజనమైన తరువాత, ఒలీవల కొండకు వెళ్ళకముందు, ఆయన తన శిష్యులతో కలిసి కీర్తన పాడాడు. పస్కా రాత్రి యూదులు పాడుకొనే పాత కీర్తన అది, తన పితరుల పాట. సిలువకు వెళ్ళే దారిలో ప్రభువు పెదవుల మీద ఉన్నది పాత పాట. మరి పరలోకంలో? ప్రకటన 5:9లో గొఱ్ఱెపిల్ల యెదుట పాడేది కొత్త పాట. పాత పాట పాడి సిలువకు వెళ్ళినవాడే కొత్త పాటకు పాత్రుడైనాడు. కాబట్టి పాతది ఆయనదే, కొత్తది ఆయనదే. అక్కడ ప్రతి వంశము, ప్రతి భాష, ప్రతి ప్రజ ఉంటారు. వారందరి ఇష్టాలూ ఒక్కటి కావు. వారందరి రక్షకుడు మాత్రం ఒక్కడే. ఆ గానబృందంలో మీ ప్రక్కన నిలబడేది ఎవరో తెలుసా? బహుశా మీరు ఇక్కడ చివరి వరకు వినలేకపోయిన ఆ పాట పాడిన సహోదరుడే. ఇప్పటి నుండే అతని స్వరానికి అలవాటు పడదాం.

ప్రార్థన చేసుకుందాం. పరలోకమందున్న మా తండ్రీ, మాకు స్వరములనిచ్చిన నీకు స్తోత్రములు. మా ఇష్టాలను నీ చిత్తమని పిలిచిన వేళలను క్షమించుము. పాత పాటలో ఆదరణ పొందే వృద్ధులను, కొత్త పాటలో నిన్ను వెదికే యౌవనస్థులను, డప్పు మ్రోగించి నిన్ను స్తుతించే పల్లె సంఘాలను, దూర దేశాలలో ఒంటరిగా వింటున్న మా బిడ్డలను దీవించుము. పాటల వలన విడిపోయిన సంఘాలను తిరిగి కలుపుము. ఒకరి పాటను ఒకరు వినే మనస్సు మాకు దయచేయుము. మా బ్రతుకులు మా పాటలకు తగినట్లుగా చేయుము. యేసుక్రీస్తు నామమున వేడుకొనుచున్నాము తండ్రీ, ఆమెన్.